చేతులు ఖాళీ, మోకాళ్ళకు పని: తూకం బండి డైరీ

అక్టోబరు, దసరా వెళ్ళాక

మా అక్క కొడుకు అటకెక్కించిన హోవర్‌బోర్డు, అంటే నిలబడి పోయే రెండు చక్రాల కరెంటు పలక, మా ఇంటికి చేరింది. చార్జింగు ఎక్కదు. ఒక వైపు పలక మీద కాలు పెడితే ఉలుకూ పలుకూ లేదు. అయినా చక్రాలు రెండూ నిక్షేపంగా ఉన్నాయి, నాకు కావలసింది అవే. ఆరున్నర అంగుళాల గట్టి రబ్బరు చక్రం, మోటారు దాని లోపలే. ఇరుసు కదలదు, అయస్కాంతాలు అతికించిన చక్రమే దాని చుట్టూ తిరుగుతుంది. ఒక్కో చక్రం నుంచి మూడు లావు తీగలు కరెంటుకు, ఐదు సన్న తీగలు చక్రం ఎక్కడ ఉందో అయస్కాంతాన్ని బట్టి చెప్పే హాల్ సెన్సర్లకు. లావు తీగల కొసలు మూడూ కలిపి పట్టి చక్రాన్ని తిప్పితే ఒక్కసారిగా బరువెక్కింది, విడదీస్తే తేలికైంది. రెండో చక్రమూ అంతే. మోటారు చుట్లు బాగున్నాయో లేదో చూడడానికి ఇంతకంటే చవకైన పరీక్ష లేదు.

చేయదలచుకున్నది ఇది: నిలబడి నడిపే, తన తూకం తానే చూసుకునే రెండు చక్రాల బండి. హ్యాండిలు ఉండదు. కాళ్ళ మధ్య మోకాళ్ళ ఎత్తున ఒక కడ్డీ ఉంటుంది. ఎటు తిరగాలంటే దాన్ని అటు మోకాలితో నెట్టాలి. ముందుకు వాలితే బండి కదులుతుంది, వెనక్కి వాలితే ఆగుతుంది. కొత్త ఊహేమీ కాదు. టయోటా 2008లో వింగ్‌లెట్ పేరుతో చూపించిన మూడు నమూనాల్లో పొడవాటి హ్యాండిలు ఉన్నది ఒకటే, మిగిలిన రెండూ కాళ్ళతో నడిపేవి. 2016లో సెగ్వే కంపెనీ మినీప్రో బండి ఇలాంటి మోకాలి కడ్డీతోనే అమ్మకానికి వచ్చింది.

హోవర్‌బోర్డులోనూ చేతులు ఖాళీయే కదా, దాన్నే బాగుచేసుకోవచ్చు కదా అని ఇంట్లో అడిగారు. న్యాయమైన ప్రశ్న. హోవర్‌బోర్డుకు నడుమ కీలు ఉంటుంది, రెండు సగాలూ వేర్వేరుగా వంగుతాయి. కుడి పాదం ముందుకు, ఎడమ పాదం వెనక్కి వంచితే బండి ఎడమకు తిరుగుతుంది. పని అంతా చీలమండలదే. నడుము, భుజాలు నిటారుగా ఉండిపోతాయి. బండి లోపలికి తిరుగుతుంటే ఒళ్ళు బయటికి తూలుతుంది. నెమ్మదిగా వెళ్తున్నంత సేపు ఇది తెలియదు, వేగం పెరిగితే తెలియకుండా ఉండదు.

సెగ్వే చరిత్రలోనే దీనికి సాక్ష్యం ఉంది. డీన్ కేమెన్ 2001 డిసెంబరు 3న ఆవిష్కరించిన మొదటి సెగ్వేను మలుపు తిప్పాలంటే ఎడమ చేతి దగ్గరి పిడిని మెలిపెట్టాలి. 2006లో వచ్చిన ఐ2 అనే సెగ్వే నమూనాలో ఆ పిడి లేదు. హ్యాండిలు స్తంభం మొత్తం పక్కలకు వాలుతుంది, ఎటు వాల్చితే బండి అటు పోతుంది. వాలడమూ తిప్పడమూ ఒకే కదలిక అయిపోయాయి. మోకాలి కడ్డీ అంటే ఆ స్తంభాన్ని మోకాళ్ళ దగ్గర కోసేయడమే. ఈ ప్రాజెక్టులో నేను తేల్చుకోవాలనుకున్నది కూడా అదే: పొట్టి కడ్డీతో ఆ రెండూ ఒకటిగా ఉంటాయా, మళ్ళీ విడిపోతాయా?

నవంబరు, దీపావళి చుట్టుపక్కల

పాత మదర్‌బోర్డును పారేయలేదు. అందులో ఎస్‌టీఎం32 జాతి చిప్పు, ఒక్కో మోటారుకు కరెంటు వేసి ఆపే స్విచ్చులు, మాస్‌ఫెట్లు, ఆరేసి ఉన్నాయి. అంత సరుకు విడిగా కొనడం దండగ. దీనికోసం ఔత్సాహికులు రాసి అందరికీ ఉచితంగా ఇచ్చిన ఫర్మ్‌వేర్, అంటే చిప్పు లోపల నడిచే ప్రోగ్రాము, ఉంది, అదే ఎక్కించాను. చిప్పులోని ప్రోగ్రామును ఎవరూ చదవకుండా తాళం వేసి ఉంటుంది. చిప్పులోకి ప్రోగ్రాము ఎక్కించే ఎస్‌టీ-లింక్ పరికరంతో ఆ తాళం తీస్తే పాత ప్రోగ్రాము తుడిచిపెట్టుకుపోతుంది, ఇక తిరిగి రాదు. ఇంకో చిక్కు, ప్రోగ్రాము ఎక్కుతున్నంత సేపూ పవరు బటను నొక్కి పట్టుకోవాలి, వదిలితే బోర్డు ఆరిపోతుంది. మేనల్లుడిని కూర్చోబెట్టి ఆ పని అప్పగించాను. కాసేపటికి వాడు, "మామయ్యా, దీనికి నేనెందుకు? బట్టల క్లిప్పు చాలదా?" అన్నాడు. చాలు. ఇంజనీరింగులో చేర్పించినందుకు ఆ మాత్రం ఫలితం ఉంది.

తూకం లెక్క వేసేది వేరే చిన్న బోర్డు, ఈఎస్‌పీ32. సెకనుకు 200 సార్లు వంపు కొలిచి, ఏ మోటారు ఎంత బలంతో తిప్పాలో మదర్‌బోర్డుకు చెబుతుంది. ఆ మాట మొత్తం 8 బైట్లు. సెకనుకు 115200 బిట్ల వేగంతో పంపితే చేరడానికి మిల్లీసెకను కూడా పట్టదు. చెప్పవలసింది వేగం కాదు, బలం. ఫలానా వేగంతో తిరుగు అని చెబితే చిన్న రాయి అడ్డం వచ్చినా మోటారు మొండికేసి పలకను కుదిపేస్తుంది.

వంపు కొలిచే ఎంపీయూ-6050 చిప్పులో రెండు కొలిచే సాధనాలున్నాయి. జైరో ఎంత వేగంగా వంగుతున్నామో చెబుతుంది. ఆ అంకెలను కూడుకుంటూ పోతే వంపు తెలుస్తుంది, కానీ చిన్న చిన్న తేడాలు పోగుపడి నెమ్మదిగా పక్కదారి పడుతుంది. యాక్సెలరోమీటరు కింది దిక్కు ఎటో చెబుతుంది, అయితే బండి వేగం అందుకుంటున్నప్పుడు అది మోసపోతుంది. రెండింటినీ కలపడానికి పాఠాలన్నీ జైరోకు 0.98, యాక్సెలరోమీటరుకు 0.02 అనే పాళ్ళు చెబుతాయి. బొమ్మ రోబోకు అవి సరిపోతాయి. సెకనుకు 200 లెక్కల దగ్గర ఆ పాళ్ళు పెడితే పావు సెకనులోనే యాక్సెలరోమీటరు మాట చెల్లుబాటవుతుంది. మనిషి ముందుకు వాలి రెండు మూడు సెకన్లు వేగం అందుకుంటాడు. ఆ కాసేపట్లో వంపు లెక్క తప్పిపోతుంది. అందుకే 0.998 పెట్టాను. అప్పుడు ఆ పావు సెకను రెండున్నర సెకన్లవుతుంది.

తూకం విషయంలో జనం భయపడేది మనిషి ఎక్కాక ఏమవుతుందోనని. నిజానికి అది సులువైన భాగం. అరచేతిలో చీపురును నిలబెట్టగలం, పెన్సిలును నిలబెట్టలేం; పొట్టిది త్వరగా పడిపోతుంది. ఎంత త్వరగా అన్నది ఎత్తును గురుత్వ త్వరణంతో భాగించి వర్గమూలం తీస్తే వస్తుంది. మనిషి బరువు కేంద్రం ఇరుసు నుంచి మీటరు ఎత్తున ఉంటే 0.32 సెకను. ఖాళీ బండికి అది ఐదు సెంటీమీటర్లే అనుకుంటే 0.07 సెకను. కాబట్టి ఖాళీ బండిని నిలబెట్టే సరదా జోలికే పోలేదు. పాత హోవర్‌బోర్డు రబ్బరు పలకల కింద కాలు పడిందో లేదో చూసే కాంతి సెన్సర్లు ఉన్నాయి, వాటిని అలాగే ఉంచాను. రెండు పాదాలూ పడితేనే మోటార్లు మేలుకుంటాయి.

2002లోనే ట్రెవర్ బ్లాక్‌వెల్ అనే ఆయన ఇలాంటి బండిని ఇంట్లో కట్టి, ఎలా కట్టాడో లోకానికంతా చెప్పేశాడు. అప్పటితో పోలిస్తే ఇప్పుడు మన పని కోఠి గుజరాతీ గల్లీలో ఒక సాయంత్రం తిరిగి రావడమే.

నవంబరు చివర, ఇనుప పని

హోవర్‌బోర్డు నడుము కీలు తీసేసి, రెండు సగాలనూ ఒకే పలకగా బిగించాలి. ఆరు ఎంఎం ఇనుప రేకు గీసుకుని బాలానగర్‌లో ఒక లేతు షాపుకు తీసుకువెళ్ళాను. మేస్త్రీ గీత చూసి, "సార్, దీని మీద నిలబడేది మనిషా, లారీనా?" అన్నాడు. ఆయనే దారి చెప్పాడు: నాలుగు ఎంఎం రేకు తీసుకుని రెండు అంచులూ అంగుళం మేర కిందికి వంచితే ఆరు ఎంఎం కంటే గట్టిగా నిలుస్తుందట. నిలిచింది. పలక మెలి తిరిగితే సెన్సరు ఒక వంపు చూస్తుంది, చక్రాలు ఇంకో వంపులో ఉంటాయి. తూకం లెక్కకు అంతకంటే చేటు లేదు.

కడ్డీ స్టెయిన్‌లెస్ గొట్టం. అడుగున రెండు 6201 బేరింగుల మధ్య పన్నెండు ఎంఎం షాఫ్టు. షాఫ్టు ముందు నుంచి వెనక్కి పడుకుని ఉంటుంది కాబట్టి కడ్డీ పక్కలకే ఊగుతుంది. ఎటైనా పన్నెండు డిగ్రీల దగ్గర రబ్బరు ముక్క అడ్డుకుంటుంది. ఎత్తు సర్దుకోవడానికి సైకిలు సీటు కింద ఉండే క్లాంపు వాడాను. పనిముట్లు లేకుండా చేత్తోనే వదులు చేసి, బిగించవచ్చు. పైన అడ్డంగా రెండు మెత్తలు, మోకాలి చిప్పకు కాస్త కింద, లోపలి వైపు తగిలేలా. బజారులో దొరికే ఫోము రెండు రోజుల్లో నలిగిపోయేలా అనిపించింది. చివరికి పాత హవాయి చెప్పుల అడుగులు కోసి, ఆకురాయితో గుండ్రంగా రుద్ది, సొల్యూషనుతో అతికించాను. ప్యాంటుకు జారవు, చెమటకు ఉబ్బవు. ఈ బండి మొత్తంలో నాకు బాగా నచ్చిన భాగం అదే.

మధ్యలోకి తిరిగి తెచ్చే స్ప్రింగులు రాణిగంజ్‌లో. దుకాణదారు ఎంత గట్టివి కావాలన్నాడు. సమాధానం నా దగ్గర లేదు కాబట్టి మూడు రకాలూ తీసుకున్నాను.

కడ్డీ కోణం కొలవడానికి ముందు మామూలు పది కిలోఓముల పొటెన్షియోమీటరు, అంటే తిప్పితే నిరోధం మారే భాగం, పెట్టాను. పాత రేడియో వాల్యూము నాబు తిప్పితే గరగరలాడేది ఎందుకో ఆ తరం వాళ్ళకు తెలుసు: లోపలి కార్బన్ పట్టీ అరుగుతుంది. ఇక్కడ మధ్య స్థానంలోనే కడ్డీ ఎక్కువ సేపు ఉంటుంది కాబట్టి అరుగుదల కూడా అక్కడే, మనకు నిలకడ కావలసిన చోటే. తీసేసి ఏఎస్‌5600 పెట్టాను. షాఫ్టు కొసకు అతికించిన చిన్న అయస్కాంతం తిరిగితే, రెండు ఎంఎం ఎడంలో ఉన్న చిప్పు ఆ కోణాన్ని చెబుతుంది. ఒకదానికొకటి తగలవు కాబట్టి అరుగుదల లేదు. పూర్తి చుట్టును 4096 భాగాలు చేస్తుంది, అంటే డిగ్రీలో పదకొండో వంతు దాకా తెలుస్తుంది.

డిసెంబరు, కడ్డీని కట్టేసి

అపార్ట్‌మెంటు సెల్లారులో, కార్లు ఆఫీసులకు వెళ్ళిన సమయంలో మొదటి సవారీ. కడ్డీకి అడ్డంగా బోల్టు వేసి, తిప్పే ప్రోగ్రామును ఆపేసి, తూకం ఒక్కటే చూశాను. శిరస్త్రాణం, మణికట్టు గార్డులు, మోకాలి క్యాపులు తప్పనిసరి. స్కేటింగు వాళ్ళ మోకాలి క్యాపులకు పక్కలకు కూడా ప్లాస్టిక్ చిప్ప ఉంటుంది, అది కడ్డీకి కొట్టుకుంటుంది. ముందు వైపు మాత్రమే చిప్ప ఉన్నవి కొనాలి.

ఎక్కేటప్పుడు ఒక పాదం మెల్లగా పెట్టి, రెండోది ఆలస్యం చేయకుండా పెట్టాలి. ఆ క్షణంలో పలక కాళ్ళ కింద బిగుసుకున్నట్టు తెలుస్తుంది, సన్నని ఈల వినిపిస్తుంది. కాలి వేళ్ళ మీద కాస్త బరువు పడితే ముందుకు, మడమల మీద పడితే వెనక్కి. ఐదు డిగ్రీలు వాలితే ప్రతి సెకనుకూ వేగం సెకనుకు 0.86 మీటర్లు పెరుగుతుంది; మూడు సెకన్లలో గంటకు తొమ్మిది కిలోమీటర్లు. నిలబడినవాడికి ఐదు డిగ్రీలంటే వాలినట్టే ఉండదు. అందుకే గంటకు పది కిలోమీటర్ల దగ్గర పలక ముందంచు తనంతట తానే పైకి లేచేలా పెట్టాను, మనిషి వెనక్కి వాలక తప్పదు. ఇందులో ఒక మెలిక ఉంది. పలకను వెనక్కి వంచాలంటే చక్రాలు మనిషి కంటే ముందుకు పోవాలి, అంటే ఆగడానికి ముందు ఒక్క క్షణం ఇంకా వేగంగా తిరగాలి. మోటారు శక్తి మొత్తం వాడేశాక ఆ క్షణం దొరకదు, మనిషి ముక్కు మీద పడతాడు. వేగ పరిమితి మోటారు సత్తాకు చాలా కింద ఉండాలనేది ఇందుకే.

డిసెంబరు, బోల్టు తీశాక

మెత్తని స్ప్రింగులతో మొదలుపెట్టాను. నాలుగు గజాలు వెళ్ళేసరికి బండి తోక ఆడించడం మొదలుపెట్టింది: ఎడమ, కుడి, ఎడమ, ప్రతిసారీ ఇంకాస్త ఎక్కువగా. కారణం కాగితం మీద పెడితే ఇలా ఉంది. పలక ఎడమకు తిరుగుతుంది. కాళ్ళు జడత్వంతో ఉన్నచోటే ఉండిపోతాయి. కదిలింది పలక, కానీ కడ్డీకి మాత్రం మోకాలు కుడికి నెట్టినట్టే తోస్తుంది. బండి కుడికి తిరుగుతుంది. మళ్ళీ అదే కథ. నడిపేవాడు భయపడి కాళ్ళు బిగిస్తే ఇంకా పెరుగుతుంది.

గట్టి స్ప్రింగులు వేయగానే ఊపు ఆగింది. అక్కడితో ఈ డైరీ అయిపోయేదే. కానీ మలుపులు బాగాలేవు. ఎడమకు తిరగాలని కుడి మోకాలితో నెట్టిన ప్రతిసారీ ఒళ్ళు కుడికి, అంటే బయటికి తూలుతోంది. ఆలోచిస్తే న్యాయమే. గట్టి కడ్డీని నేను ఎడమకు నెడితే అది నన్ను కుడికి నెడుతుంది. ఆ క్షణంలో నేను లోపలికి వాలవలసి ఉంది. కడ్డీ నన్ను వాలనివ్వడం లేదు. హోవర్‌బోర్డు జబ్బు మోకాళ్ళ దాకా ఎక్కి వచ్చింది, అంతే తేడా.

మెత్తని కడ్డీతో జరిగేది వేరు. దాన్ని నెట్టడానికి బలమే అక్కరలేదు, కాబట్టి అది తిరిగి నెట్టేదీ లేదు. కుడి మోకాలు ఎడమకు జరుగుతుంది, దానితో నడుము ఎడమకు జరుగుతుంది, బరువు ఎడమ పాదం మీదికి పోతుంది. మోకాలు ఇచ్చే సైగ, ఒంటి వాలు ఒకటే. ఐ2 స్తంభంలో ఉన్న గుణం ఇదే. కడ్డీ మెత్తగానే ఉండాలి, ఊపును ఇంకో చోట చంపాలి.

మూడు మందులు వేశాను. మొదటిది షాఫ్టు మీద ఉన్నిబట్ట లాంటి ఫెల్ట్ వాషరు, దాని మీద నట్టు. కడ్డీ తేలిగ్గానే కదులుతుంది కానీ వదిలితే మధ్య దగ్గర ఊగకుండా నిలుస్తుంది. నట్టు పావు చుట్టు బిగిస్తే ఎక్కువవుతుంది, పావు చుట్టు వదిలితే చాలదు. రెండోది మధ్యలో ఒకటిన్నర డిగ్రీల మేర కడ్డీ కదలికను లెక్కలోకి తీసుకోకపోవడం. ఇది అందరూ చేసేదే. ఎక్కువ పెడితే మలుపు మొదలయ్యేటప్పుడు చిన్న కుదుపు తెలుస్తుంది.

అసలు మందు మూడోది. అంతవరకు కడ్డీ కోణాన్ని బట్టి ఒక చక్రానికి బలం పెంచి, రెండో దానికి తగ్గిస్తున్నాను. ఇప్పుడు కడ్డీ బలం అడగదు, తిరిగే వేగం అడుగుతుంది: సెకనుకు ఇన్ని డిగ్రీలు అని. ఎంపీయూ-6050 లోనే నిలువు అక్షం చుట్టూ తిరుగుడును కొలిచే జైరో ఖాళీగా పడి ఉంది. అడిగినదానికీ జరుగుతున్నదానికీ తేడా చూసి చక్రాల బలం సర్దుతుంది. కడ్డీ మధ్యలో ఉంటే అడిగింది సున్నా, కాబట్టి బండి తనంతట తానే తిరగడానికి ఒప్పుకోదు. ఒక చక్రం కింద గులకరాయి పడినా దారి తప్పదు. దీనితో పాటు అడిగే వేగం ఒక్కసారిగా మారకుండా, సెకనులో 120 డిగ్రీలకు మించి పెరగకుండా, తరగకుండా కళ్ళెం వేశాను. మెత్తని స్ప్రింగులు మళ్ళీ బిగించాను. ఊపు లేదు. నెట్టుతున్నానన్న స్పృహ కూడా లేదు.

డిసెంబరు చివర, ఎంత తిప్పనివ్వాలి

గంటకు పది కిలోమీటర్లంటే సెకనుకు 2.78 మీటర్లు. ఆ వేగంతో మూడు మీటర్ల వ్యాసార్ధంలో తిరిగితే మనిషిని బయటికి తోసే త్వరణం గురుత్వంలో 26 శాతం. నా చక్రాల మధ్య దూరం అర మీటరు, నేల నుంచి బరువు కేంద్రం సుమారు 1.1 మీటర్లు. నిటారుగా నిలబడితే 23 శాతం దగ్గర లోపలి చక్రం లేస్తుంది. అంటే ఆ మలుపులో వాలనివాడు పడిపోతాడు. లోపలికి వాలితే బరువు కేంద్రం జరిగి నిలబడతాడు. కడ్డీ గురించి నేను ఇంత గొడవ పెట్టుకున్నది ఈ మూడు శాతం కోసమే.

వాలడం మీద భరోసాతో వదిలేయలేం కాబట్టి ప్రోగ్రాములో 15 శాతం దగ్గర కట్టడి పెట్టాను. వేగంతో పాటు కడ్డీ పదును తగ్గుతుంది. గంటకు ఐదు కిలోమీటర్ల దగ్గర సెకనుకు 60 డిగ్రీలు తిరగనిస్తుంది, అప్పుడు 1.3 మీటర్లలో మలుపు దొరుకుతుంది. పది దగ్గర 30 డిగ్రీలే, మలుపుకు ఐదు మీటర్లకు పైగా జాగా కావాలి. ఆగి ఉన్నప్పుడు 90 డిగ్రీలు. ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది, పిల్లలు అడిగేది అదొక్కటే.

సంక్రాంతి

హైదరాబాదులో ఏ బండినైనా పరీక్షించడానికి సంక్రాంతికి మించిన ముహూర్తం లేదు. సెల్లారులో సగం కార్లు ఊళ్ళకు వెళ్ళిపోయాయి. స్తంభాల మధ్య ఎనిమిది అంకె ఆకారంలో తిరగడానికి కావలసినంత చోటు దొరికింది. ఈసారి మేమే ఇక్కడ ఉండిపోయాం, అత్తగారు, మామగారు వచ్చారు.

మా ఆవిడ మొదటిసారి ఎక్కి నాకంటే నున్నగా తిప్పింది. కడ్డీ ఎలా పట్టుకోవాలో చెప్పబోతే, "మీరు చెప్పకండి, నేను చూసుకుంటాను" అంది. ఆవిడ కిందికి చూడలేదు, వెళ్ళవలసిన స్తంభం వైపు చూసింది. తల తిరిగితే భుజాలు, భుజాలు తిరిగితే నడుము, చివరికి మోకాలు. నేర్పవలసిన క్రమం కూడా ఇదే అని తర్వాత మేనల్లుడికి అలాగే చెప్పాను: కడ్డీ ఉందని మరచిపో, అటు చూడు. పది నిమిషాల్లో వాడు చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. తీయించాను, చేతులు ఖాళీగా ఉండడం వేరు, పడితే నేలకు ఆనడానికి అందకుండా ఉండడం వేరు.

మామగారు కాసేపు చూసి, "అల్లుడుగారూ, మోకాళ్ళు అరిగినవాళ్ళకు ఇది పనికొస్తుందంటారా?" అని అడిగారు. మోకాలు మడిచి లేపే పని లేదు, పక్కకు ఆన్చడమే, ఆ మాట నిజం. కానీ ఉన్నంత సేపూ మోకాళ్ళు ఇసుమంత వంచి నిలబడాలి, లేకపోతే ప్రతి కుదుపూ నేరుగా వెన్నుకు తగులుతుంది. దిగేటప్పుడు ఒంటికాలి మీద ఒక క్షణం నిలవాలి. వద్దన్నాను. ఆయన కాస్త చిన్నబుచ్చుకున్నారు.

దిగడమే ఇప్పటికీ దీని బలహీనత. ఒక పాదం వెనక్కి దించగానే, మిగిలిన కాలు కడ్డీకి ఆనుతుంది, బండి గిర్రున తిరిగి చీలమండకు కొడుతుంది. అత్తగారి ముందు మేనల్లుడికి తగిలింది, మంట ఆవిడకు నా మీద. పాదం సెన్సర్లలో ఒకటి ఖాళీ కాగానే కడ్డీ మాట వినడం ఆపేసి, తూకం మాత్రం మరో అర సెకను పట్టి ఉంచేలా మార్చాను. అడిగే తిరుగుడు సున్నా అయిపోతుంది కాబట్టి జైరో బండిని తిన్నగా పట్టి ఉంచుతుంది. చాలా వరకు తగ్గింది.

చిన్న చక్రం సంగతి కూడా ఇప్పుడే బయటపడింది. పార్కింగు టైల్స్ మీద హాయిగా పోతుంది. వాన నీటి కాలువ మీది ఇనుప జాలీ అంచు రెండు సెంటీమీటర్లు లేచి ఉంది, అక్కడ ఆగిపోయింది. నెమ్మదిగా వెళ్తూ రెండు సెంటీమీటర్ల గట్టు ఎక్కాలంటే ఆరున్నర అంగుళాల చక్రానికి మోస్తున్న బరువులో 86 శాతం బలంతో ముందుకు నెట్టాలి. మినీప్రోకు ఉన్నలాంటి పదిన్నర అంగుళాల చక్రానికైతే 62 శాతం చాలు, పైగా అందులో గాలి ఉంటుంది. వేగంగా వెళ్ళి దాటించవచ్చు కదా అంటే, రెండు చక్రాలూ ఒకేసారి తగలాలి. ఏటవాలుగా తగిలితే ఒక చక్రం ఆగుతుంది, రెండోది ఆగదు, జైరో ఎంత సర్దినా మనిషి బండి మీద ఉండడు.

జనవరి చివర, బ్యాటరీ

పాత బ్యాటరీ 18650 సెల్లులు పది వరుసలు, వరుసకు రెండు. 36 వోల్టులు, 4.4 ఆంపియర్ అవర్లు. ఎప్పటి నుంచి ఖాళీగా పడి ఉందో తెలియని లిథియం ప్యాకును బతికించే ప్రయత్నం నేను చేయను. అమెరికాలో 2016 జూలైలో ఐదు లక్షల హోవర్‌బోర్డులను వెనక్కి తీసుకోవలసి వచ్చింది ఈ ప్యాకులు అంటుకున్నందుకే. ఈ ప్రయోగాలన్నీ మొదటి నుంచీ కొత్త ప్యాకుతోనే చేశాను, చార్జింగు పెట్టి ఇల్లు వదిలి వెళ్ళడం లేదు.

తూకం బండికి బ్యాటరీ భద్రతలో ఒక విచిత్రం ఉంది. మామూలు బండిలో బీఎంఎస్, అంటే బ్యాటరీని కాపాడే బోర్డు, కరెంటు ఆపేస్తే బండి ఆగుతుంది. ఇక్కడ మనిషి పడతాడు. వోల్టేజి తగ్గినప్పుడు ఆపుతుందన్నది అందరికీ తెలుసు. అందుకే బీఎంఎస్ ఆపే చోటికి చాలా ముందే, 33 వోల్టుల దగ్గర పలక ముందంచు లేచి దిగమని చెప్పేలా పెట్టాను. తెలియనిది రెండోది: నిండుగా చార్జి చేసిన వెంటనే సెల్లారు ర్యాంపు దిగితే బ్రేకు పడినప్పుడు కరెంటు తిరిగి బ్యాటరీలోకి పోతుంది. మూడు మీటర్ల ర్యాంపులో వచ్చే శక్తి ఒక వాట్ అవరు కూడా కాదు. కానీ ప్యాకు అప్పటికే 42 వోల్టుల దగ్గర ఉంది, పది వరుసల్లో ఒక్కటి హద్దు దాటినా బీఎంఎస్ తెంచేస్తుంది, అదీ పల్లంలో. నేను 40 వోల్టుల దగ్గరే చార్జరు తీసేస్తున్నాను. కాస్త దూరం తగ్గుతుంది, తగ్గనీ.

రోడ్డు మీదికి తీసుకువెళ్ళవా అని అపార్ట్‌మెంటులో చాలామంది అడుగుతున్నారు. మన దేశంలో రిజిస్ట్రేషను అక్కరలేని విద్యుత్ బండికి 250 వాట్ల లోపు మోటారు, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం వంటి హద్దులున్నాయి, అది కూడా ఆమోదం పొందిన నమూనాలకే. ఇంట్లో కట్టిన, బ్రేకు పిడి లేని, రెండు మోటార్ల బండి ఆ గీత లోపల నిలబడుతుందని నేను వాదించదలచుకోలేదు. చట్టం సరే, కూకట్‌పల్లిలో గుంతలు రెండు సెంటీమీటర్లకు ఆగవు.

ఫిబ్రవరి, మిగిలిన పనులు

ఫెల్ట్ వాషరు అరిగి పలచబడింది. కడ్డీ మళ్ళీ కాస్త ఊగుతోంది, తూకం మీద ప్రభావం లేదు కానీ వేగంలో తెలుస్తోంది. నట్టు కింద చిన్న స్ప్రింగు వాషరు కూడా పెడితే ఫెల్టు అరిగినా ఒత్తిడి తగ్గదని మేస్త్రీ అన్నాడు, శనివారం వెళ్ళాలి. పది అంగుళాల గాలి చక్రాల మోటార్లు చూసి పెట్టాను. అవి వస్తే పలక దాదాపు రెండు అంగుళాలు పైకి లేస్తుంది, బరువు కేంద్రమూ లేస్తుంది, 23 శాతం కిందికి దిగుతుంది. చక్రాల మధ్య దూరం కూడా పెంచాలి. రేకు వంచిన అంచుల్లో పది సెంటీమీటర్ల జాగా ఉంది. ముందు కొత్త ఇరుసు పట్టీలు కోయించి, ఆ తర్వాత మోటార్లకు డబ్బు కడతాను.